ఎడమ తలకు అందని ముద్ద

గగనగిరి కోటను మబ్బుల మీద కట్టారని పల్లపు దేశాల వాళ్ళు చెప్పుకుంటారు. అది ఉత్త మాట. కోట కట్టింది రాతి మీదే. కాకపోతే ఆ రాయి నిలబెట్టిన రోకలిలా ఆకాశంలోకి పొడుచుకుపోయి, నడుముకు ఎప్పుడూ మబ్బుల మొలతాడు చుట్టుకుని ఉంటుంది గనుక కిందినుంచి చూసేవాడికి పాదం కనబడదు, శిఖరమే కనబడుతుంది. ఆ శిఖరం మీద చంద్రకాంత శిలల బురుజులు, పగడపు గడపలు, గాలి తగిలితే వాటంతట అవే మోగే వెండి గంటల తోరణాలు, ఎండ పడితే నీటి మడుగుల్లా మెరిసి కొత్తవాళ్ళను పంచెలు ఎత్తి నడిపించే స్ఫటికపు ముంగిళ్ళు. ఇంత సొగసు పెట్టుకుని ఆ కోటకు ఒక్క మెట్టు లేదు. జనం ఎక్కాలన్నా దిగాలన్నా మోకుకు కట్టిన పెద్ద గంపే దిక్కు. రాజుగారి విహారాలకూ యుద్ధాలకూ గండభేరుండ పక్షులు ఉన్నాయి.

అలాంటి కోట నుంచి, పక్షుల పండుగ నాటి ఉదయాన, ఊరంతా తోరణాలు కట్టుకుంటున్న వేళ, గంపలో కుదేసి కిందికి దింపేస్తున్న మనిషి పేరు మందరుడు. భటులు అతన్ని కాళ్ళూ చేతులూ పట్టి గంపలో కూర్చోబెట్టారు గానీ నోటికి గుడ్డ కట్టడం మరిచారు. అందుచేత అతను భటుల్ని, వాళ్ళ అధికారిని, మహామంత్రిని హోదాల వరసన తిట్టుకుంటూ పైకి పోయి, మహారాజు దగ్గర మాత్రం "ప్రభువులవారు" అనే మర్యాద ఒకటి చేర్చి మళ్ళీ అందుకున్నాడు.

అతని కోపానికి కారణం ఉంది. గండభేరుండానికి ఒళ్ళు ఒకటి, తలలు రెండు. అందుకని పక్షికి ఇద్దరు కాపరులు, ఎడమ కాపరి, కుడి కాపరి. చెరో తల ముందూ నిలబడి "ఓ... లే... హా" అని కలిసి కేక పెట్టి, "హా" దగ్గర గుమ్మడికాయంత జొన్నముద్దలు రెండూ ఒక్కసారే నోళ్ళలో పడెయ్యాలి. ఒక ముద్ద రెప్పపాటు వెనకబడిందా, ఆ తల అలుగుతుంది. అలిగిన తల వైపు రెక్క ఆడదు. పక్షిశాల వీధిలో ఉయ్యాల్లో పిల్లలకు జోలపాటలో చెప్పే సంగతి ఇది.

మేఘమాల అనే పక్షికి మందరుడు ఎడమ కాపరి. తన తలకు అతను పెట్టుకున్న పేరు అలకమ్మ. కుడి తల కులుకమ్మ. దాని కాపరి అతని మేనమామ కూతురు హేలావతి. ఇద్దరూ కలిసి ఆ పక్షిని గుడ్డు నుంచి పెంచారు, పోట్లాడుకుంటూనే పెంచారు. మందరుడు అణకువ గలవాడని శత్రువులు కూడా అనరు. పక్షుల గురించి తనకు తెలియనిది లేదని రోజూ చెప్పుకునేవాడు. అందులో ముప్పాతిక నిజం.

అయితే గగనగిరిలో నిజానికి పీట దొరకాలంటే దానికి దుమ్ము కావాలి. ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. ఎవరు సభకు వచ్చినా ధూళి అధికారి వాకిట్లో కూర్చోబెట్టి, పాదాలకు అంటిన దుమ్మును నెమలీకతో దులిపి, తన భరిణెల్లోని దేశదేశాల మట్టితో పోల్చి చూస్తాడు. ఎంత దూరపు దుమ్మైతే సింహాసనానికి అంత దగ్గరగా ఆసనం. పక్క రాజ్యం వాడికి చాప, నది అవతలి వాడికి పీట, సముద్రం అవతలి వాడికి పట్టు దిండు. కోటలోనే పుట్టి కోటలోనే తిరిగేవాడి కాళ్ళకు స్ఫటికపు నేల మీద దుమ్మెక్కడిది? వాడు గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట నిలబడాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఇతర దేశాల్లో సామెతగా అంటారు. గగనగిరిలో అది రాజశాసనం.

నెల కిందట ఏడు సముద్రాల అవతలి శంఖద్వీపం నుంచి వచ్చానంటూ ఘటకేశ సిద్ధుడు ఆకుపచ్చ దుమ్ము కాళ్ళతో దిగాడు. నెత్తిమీద కుండంత ముడి, మెడలో ఏవో జంతువుల పళ్ళు, మాట మాటకూ గుప్పెట విప్పితే కర్పూరం పొగ. తిన్నగా రాజుగారి కుడి పక్క దిండు ఎక్కాడు. పక్షిశాల చూపించమన్నాడు, చూశాడు, కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు.

"ప్రభూ, తలలు రెండు. పొట్ట?" అని అడిగాడు.

"ఒకటే" అన్నాడు ధవళకేతు మహారాజు.

"మరి ఒక పొట్టకు ఇద్దరు కాపరులెందుకు, రెండు ముద్దలెందుకు?"

సభ అంతా అబ్బురపడింది. ఇంత చిన్న విషయం మనవాళ్ళకు ఇన్నాళ్ళూ తట్టలేదే అని రాజు నొచ్చుకున్నాడు. మర్నాడే ఎడమ కాపరుల్ని అందర్నీ తీసేశారు. మందరుడు గుమ్మం దగ్గర నిలబడి, ఇది ప్రాణాల మీదికి వస్తుందని గొంతు చించుకుంటే మహామంత్రి సుముఖుడు వెనక్కి తిరిగి, "నువ్వు పుట్టింది ఎక్కడోయ్?" అని అడిగాడు.

"పక్షిశాల వెనకే అయ్యా."

"అయితే పక్షుల గురించి నీకేం తెలుస్తుంది?" అన్నాడు మంత్రి, ఎంతో సానుభూతితో.

ఆ తరవాత మందరుడు రోజూ వెళ్ళి రోజూ అరిచాడు. పండుగ నాడు కూడా అరవబోతే ఇదిగో, గంప ఎక్కించారు. పండుగ నాడు నడినెత్తిన పొద్దుండగా మహారాజు గండభేరుండం ఎక్కి పొగలోయ మీదుగా కోట చుట్టూ తిరగడం ఆనవాయితీ. ఈ ఏడు ఎక్కేది మేఘమాలను. మెడ దగ్గర కూర్చుని నడిపేది హేలావతి.

గంప కదులుతుండగా ఆమె బురుజు అంచుకు పరుగెత్తుకొచ్చింది.

"బావా, ఊరికే అరవకు. గొంతు పోతే సాయంత్రం నాతో ఎట్లా పోట్లాడతావ్?"

"నువ్వా పక్షి ఎక్కకు హేలా. అలకమ్మ ఎట్లా ఉంది?"

"గోడ వైపు మొహం పెట్టుకుని కూచుంది. పిలిస్తే పలకదు. దొంగచాటుగా పెట్టబోతే ఉమ్మేసింది, నీ చెయ్యే కావాలంట మహాతల్లికి."

"ఎక్కనని చెప్పెయ్."

"చెబితే తల తీస్తారు. ఎక్కితే లోయలో పడతా. రెండిట్లో లోయే నయం, గాలైనా తగులుద్ది." ఆమె నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. "పన్నెండు గంటల భేరి కొట్టేలోపల ఏదో ఒకటి చెయ్యి బావా. నీ మాటే వినాల. ఎట్లా వినిపిస్తావో నాకు తెలీదు."

గంప మబ్బుల్లోకి దిగిపోయింది. మందరుడికి తిట్లన్నీ ఒక్కసారిగా అయిపోయాయి. హేలావతి లేని పక్షిశాల ఎలా ఉంటుందో తలచుకోబోయి, తలచుకోలేక గంప అంచు పట్టుకుని పైకే చూస్తూ దిగాడు. ఆమె అంటే తనకు ప్రాణమని అతనికి ఎప్పుడో తెలుసు. చెబితే పోట్లాటలో ఓడిపోయినట్టవుతుందని చెప్పలేదు, అంతే.

గంప నేలకు తగిలేసరికి అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ కోటలో వరస తిరగబడింది కాబట్టి ముందు రచ్చకు పోయి అక్కడినుంచి ఇంటికి రావాలి. కావలసింది దుమ్ము, అదీ సిద్ధుడి దుమ్ము కంటే దూరపుది.

గగనగిరి పాదాన దుమ్ముకు కొదవ లేదు. నాలుగు దిక్కుల గాలులూ ఆ కొండకు కొట్టుకుని, మోసుకొచ్చిన మన్నంతా అక్కడే రాల్చి పోతాయి. యుగాల తరబడి రాలిన ఆ మన్నులోంచి ధూళిభూతం ఒకటి పుట్టి అక్కడే కాపురం ఉంటోంది. దాని జోలికి పోయినవాడు తిరిగి రాలేదని ప్రతీతి. మందరుడు దిగీ దిగగానే ఇసుక దిబ్బ ఒకటి లేచి నిలబడి, అతన్ని ఒక కాలు పట్టి తలకిందులుగా ఎత్తింది. ఎర్రమన్ను బొజ్జ, నల్లరేగడి చేతులు, సున్నపు రాతి పళ్ళు, ఎండిన గడ్డిపరకల గడ్డం.

"ఎక్కడివాడివి?" అని భూతం అడిగింది.

"పైవాడిని."

"పైవాళ్ళు చప్పగా ఉంటారు. దుమ్ముండదు, రుచుండదు." భూతం నిట్టూర్చింది. "ఆకలేస్తోంది గాబట్టి సర్దుకుంటాను."

తినబోతూ అది ఒక్క క్షణం ఆగి, వీపును కొండ రాతికి ఆనించి అటూ ఇటూ రుద్దుకుంది. మందరుడు తలకిందులుగా ఉన్నా కన్ను కన్నే. రెండు భుజాల నడుమ, చెయ్యి చేరని చోట దురద. మేఘమాలకు కూడా రెండు మెడల నడుమ సరిగ్గా అక్కడే.

"నన్ను తింటే తిను గానీ, ముందు ఆ వీపు గోకనియ్. చూడలేకపోతున్నా" అన్నాడు.

మొలలో ఉన్న ఇనుపపళ్ళ దువ్వెన తీసి, భూతం భుజమెక్కి, కింది నుంచి పైకి, పక్షికి గోకినట్టే గోకాడు. భూతం కళ్ళు మూతలు పడ్డాయి. గొంతులోంచి ఇసుక జారుతున్నట్టు సన్నని చప్పుడు వచ్చింది. కొండ పుట్టినప్పటినుంచి ఉన్న దురద తీరిందని, ఏం కావాలో కోరుకొమ్మని అంది.

"అన్నిటికంటే దూరపు దుమ్ము కావాలి."

భూతం చెవిలో వేలు పెట్టి, కాసింత నీలం దుమ్ము తీసి అతని పాదాలకు రాసింది. పాదాలు చల్లబడ్డాయి.

"ఇది ఏ ఊరిది?"

"నాకేం తెలుసు? తెచ్చిన గాలికే గుర్తులేదన్నది. గడ్డం కూడా కావాలా?"

"ఇస్తే ఎందుకు కాదంటాను."

పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా కాస్త ఉందనగా, నాభి దాకా ఎండుగడ్డి రంగు గడ్డం, నీలం పాదాలు, భుజాన గోనె అంగవస్త్రం వేసుకున్న మహానుభావుడొకడు గంపలో గగనగిరి ఎక్కాడు. ధూళి అధికారి నెమలీకతో దులిపాడు. పోల్చాడు. ఉన్న భరిణెలన్నీ తెరిచాడు. ఏ భరిణెలోనూ ఆ రంగు లేదు. ఆ ముసలి అధికారి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "ఇది చూడకుండానే పోతాననుకున్నాను స్వామీ" అని ఆ పాదాల మీద పడ్డాడు. మందరుడికి మనసులో కాస్త సిగ్గేసింది. కానీ సిగ్గుపడే తీరిక లేదు.

సభలో అతని కోసం ఘటకేశ సిద్ధుడి దిండు కన్నా ఎత్తుగా మరో దిండు వేశారు. అది చూసి సిద్ధుడి గుప్పెట్లో కర్పూరం అడగకుండానే పొగలు కక్కింది.

"మహాత్మా, మా అదృష్టం కొద్దీ పండుగ నాడు వేంచేశారు. మా పక్షుల విషయమై ఒక్క మాట సెలవియ్యండి" అన్నాడు మహారాజు చేతులు జోడించి. పాపం, ధవళకేతు చెడ్డవాడు కాడు. వినడం అంటే ఆయనకు మహా ఇష్టం. ఎవరి మాట వినాలన్న దగ్గరే తికమక.

మందరుడు గొంతు బొంగురు చేసి, "రెండు తలలకూ ఒక్కసారే ముద్ద పెట్టండి" అన్నాడు.

సభలో గుసగుసలు లేచాయి. రాజు మొహం చిన్నబోయింది.

"స్వామీ, మా ఎడమ కాపరి ఎవడో రోజూ గుమ్మంలో నిలబడి అరిచే మాట కూడా ఇదే" అన్నాడు మహామంత్రి. "అంత దూరం నుంచి వచ్చి తమరూ అదే సెలవిస్తే ఇక దూరానికి విలువేముంది?"

సిద్ధుడు మీసం చాటున నవ్వాడు. ఇలాంటి అడ్డం వస్తుందని మందరుడు కలలో కూడా అనుకోలేదు. పరాయివాడు చెబితేనే వింటారు, సరే. కానీ పరాయివాడు కూడా ఇంటివాడు చెప్పనిది చెబితేనే వింటారన్నమాట. బయట ఎక్కడో పక్షి మీద పల్లకీ బిగిస్తున్న చప్పుడు వినబడుతోంది. భేరి మోగడానికి ఎంతో సేపు లేదు.

అతను గడ్డం నిమిరి, గట్టిగా నవ్వాడు.

"మిమ్మల్ని పరీక్షించాను. ముద్ద పెట్టడమా? మా లోకంలో పక్షికి తిండి పెట్టడమనే మోటుపనే లేదు. మేము చేసేది ద్విముఖ సమకాల మహానివేదనం."

"ఆహా" అన్నాడు రాజు, ముందుకు జరిగి.

"పక్షికి వామోపాసకుడు ఒకడు, దక్షిణోపాసకురాలు ఒకతె. ఇద్దరూ త్రిఖండ నాదం చేసి, మూడో ఖండంలో గోళద్వయాన్ని ముఖద్వయంలో ఏకకాలాన సమర్పించాలి. వేళ తప్పితే పక్షదోషం, ఆపైన పతనం."

"ఇది కదా శాస్త్రమంటే" అని రాజు పులకించిపోయాడు. "ఆ వామోపాసకులు ఏ దేశంలో దొరుకుతారు స్వామీ?"

"శ్రద్ధగా వెతికితే మీ పక్షిశాల వెనకే దొరకవచ్చు."

మంత్రి కూడా తల ఊపాడు. మందరుడు గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఘటకేశ సిద్ధుడు లేచి, వెన్నముద్దలాంటి గొంతుతో, "అద్భుతం" అన్నాడు. "ప్రభూ, ఈ మహాత్ముడి పద్ధతి రేపటి నుంచి చేద్దాం. నేటికి పక్షి నా పద్ధతిలో సిద్ధమై ఉంది. పండుగ ముహూర్తం తప్పకూడదు. మేమిద్దరం తమకు చెరో పక్కా కూర్చుని వస్తాం. ఏ పద్ధతి గొప్పదో గాలే చెబుతుంది."

రాజుకు అది ఎంతో న్యాయంగా తోచింది. భేరి మోగింది.

మేఘమాల ముంగిట్లో నిలబడి ఉంది. ముఖమల్ గుడ్డ, ముత్యాల పల్లకీ, గోళ్ళకు బంగారు తొడుగులు. కులుకమ్మ ఆ సింగారానికి మురిసిపోతోంది. అలకమ్మ ముక్కు రొమ్ములో దాచుకుని కళ్ళు మూసుకుంది. చుట్టూ సిద్ధుడి మాట మీద నిలబెట్టిన భటులు. ఎడమ తల దగ్గరికి ఎవర్నీ పోనివ్వరు. మందరుడు మహానివేదన ద్రవ్యమంటూ ముద్దల బుట్ట ఒకటి మాత్రం చంకన పెట్టుకుని ఎక్కాడు. కుడి మెడ మీద కూర్చున్న హేలావతి ఆ మహాత్ముణ్ణి ఎగాదిగా చూసి, వంగి నమస్కరిస్తున్నట్టుగా వంగింది.

"గడ్డం పక్కకి జరిగింది స్వామీ" అని గొణిగింది. ఆమె కళ్ళలో భయం పోలేదు గానీ దాని పక్కన ఇంకేదో వెలిగింది.

ఎగిరేటప్పుడు బాగానే ఎగిరింది, కోట అంచున లేచే ఎదురుగాలే ఎడమ రెక్కను విప్పి పట్టింది. కోటంతా జేజేలు కొట్టింది, పూలు చల్లింది. అంతఃపురం స్త్రీలు వెండి గంటలు మోగించారు. కింద పొగలోయ నోరు తెరుచుకుని ఉంది. దాని అడుగు చూసినవాడు లేడు. ఆ ఎదురుగాలి దాటి లోయ నడిబొడ్డుకు చేరగానే అలకమ్మ మెడ వాలిపోయింది. ఎడమ రెక్క ముడుచుకుంది. ఒంటి రెక్కతో మేఘమాల గిర్రున తిరగడం మొదలెట్టింది, తిరుగుతూ కిందికి జారింది.

రాజుగారి కిరీటం ఒక దారి పట్టింది, ముత్యాల పల్లకీ ఇంకో దారి పట్టింది. రాజు పక్షి వీపు మీది ఈకల్ని రెండు పిడికిళ్ళ నిండా పట్టుకున్నాడు.

"సిద్ధా, ఏదైనా చెయ్యవయ్యా" అని అరిచాడు.

సిద్ధుడు గుప్పెట విప్పాడు. కర్పూరం పొగ వచ్చింది. మళ్ళీ విప్పాడు. మళ్ళీ పొగే.

మందరుడు బుట్టను పళ్ళతో కరుచుకుని ఎడమ మెడ మీదుగా పాకాడు. గాలి ఒక్క విసురుకు గడ్డం ఊడబెరికింది. ఇంకో విసురుకు బుట్టలోని ముద్దలు చాలా మటుకు లోయపాలయ్యాయి. అతను అలకమ్మ చెవి దగ్గరికి చేరి మెడ కావలించుకున్నాడు. అది కళ్ళు తెరిచి అతన్ని చూసింది, చూసి మొహం తిప్పేసుకుంది.

"నేనే వదిలేసి పోయాననుకున్నావా నా తల్లీ? పంపేశారే నన్ను. రోజూ వచ్చి గుమ్మంలో అరిచానే. నీ మీద ఒట్టు." అతను దాని చెవి వెనక ఈకల్ని నిమిరాడు. "నామీద కోపం ఉంటే రేపు పొడు. ఎంత కావాలంటే అంత పొడు. ఇవాళ మాత్రం హేలా ఉందే నీ వీపు మీద."

అలకమ్మ ముక్కు కాస్త ఇటు తిరిగింది.

"హేలా, అందుకో" అంటూ మందరుడు ఒక ముద్ద విసిరాడు. ఆమె గాల్లోనే పట్టింది.

"ఓ..." అన్నాడతను. "లే..." అన్నదామె. "హా" దగ్గర రెండు గొంతులూ ఒకటయ్యాయి, రెండు ముద్దలూ ఒక్కసారే పడ్డాయి. ముడుచుకున్న రెక్క తెరచాపలా విచ్చుకుంది. మేఘమాల గిరగిరా తిరగడం మానేసి, లోయ గాలి మీద నిలదొక్కుకుంది.

రాజు నీలం పాదాల వైపు, గడ్డం ఊడిన నున్నటి చుబుకం వైపు మార్చి మార్చి చూశాడు.

"నువ్వు... గుమ్మంలో అరిచేవాడివి కదూ?"

"అవును ప్రభూ. శిక్ష తరవాత వేద్దురు గాని. ఇప్పుడు ఇంకో చిక్కుంది." మందరుడు పైకి చూపించాడు. కోట ఎక్కడో మబ్బుల పైన ఉంది. "నెల్లాళ్ళు సగం తిండి తిన్న పక్షి. ఒక్క ముద్దతో అంత ఎత్తు ఎక్కలేదు. ఇక నాలుగు ముద్దలే మిగిలాయి. ఎక్కడో ఒకచోట వాలాలి."

"నాకు తెలుసు" అన్నాడు సిద్ధుడు వెంటనే. భయంలో కూడా అతని మాట తడబడలేదు, అది అతని విద్య. "కిందికి పోనియ్యండి. పొగ అడుగున బంగారు అరుగు ఉంది. ధ్యానంలో చూశాను. సందేహమే లేదు."

రాజు మందరుడి వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

గగనగిరి రాజు తన కోటలో పుట్టినవాణ్ణి అలా అడగడం అదే మొదలు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న కోసమే గొంతు చించుకున్న మందరుడికి, తీరా అడిగేసరికి చెప్పడానికి గొప్ప మాటేదీ దొరకలేదు.

"అదిగో ఆ శూలం లాంటి రాయి మీద అడవి గండభేరుండాల గూడుంది. మేఘమాల గుడ్డు మా తాత అక్కడినుంచే తెచ్చాడు. దీనికి ఆ దారి తెలుస్తుంది. ఆ పక్షులు మనల్ని ఏం చేస్తాయో మాత్రం నాకు తెలీదు ప్రభూ."

"తెలీదా?"

"తెలీదు. పక్కన కూచుని కలిసి తిన్న పక్షిని అవి తమ మందలో కలుపుకుంటాయని మా తాత అనేవాడు. మా తాత కోతలు కూడా కోసేవాడు."

"రోజూ తెలీనిదే లేదంటావ్ గదా బావా" అంది హేలావతి ఆ మెడ మీదినుంచి. "ఇవాళే దొరికిందా నీకు తెలీనిది?"

రాజు ఒకసారి కింది పొగను చూశాడు, ఒకసారి బంగారు అరుగు గురించి ఇంకా చెబుతున్న సిద్ధుణ్ణి చూశాడు. "గూటికే పోనియ్యమ్మా" అన్నాడు హేలావతితో.

శూలశిలకు చేరి, అంచున వాలి, నలుగురూ దిగీ దిగకముందే గూట్లో ఎండుకొమ్మలు పటపట విరిగాయి. మేఘమాలకు రెండింతలున్న అడవి గండభేరుండం లేచి నిలబడింది. ఈకలు ఇనుము రంగు, నాలుగు కళ్ళు నాలుగు కొలుములు. ఒక్క అడుగు వేసింది. రాయి అదిరింది.

"నాలుగు నోళ్ళూ ఒక్కసారే తినాలి" అన్నాడు మందరుడు గొంతు తగ్గించి. "మేఘమాల కొత్త చేతుల నుంచి తినదు, అలకమ్మకు నేను, కులుకమ్మకు హేలా. అడవిదానికి అందరివీ కొత్త చేతులే. ప్రభూ, దాని కుడి తల మీది. ఎడమ తల సిద్ధులవారిది."

"నేనెప్పుడూ ఎవరికీ ముద్ద పెట్టలేదు నాయనా" అన్నాడు రాజు.

"చెయ్యి చాపి నా నోరు చూడండి. 'హా' అన్నప్పుడు వదలండి. ముందూ వద్దు, వెనకా వద్దు."

రాజూ సిద్ధుడూ చెరో ముద్దా పట్టుకుని నిలబడ్డారు. అడవి పక్షి ఎడమ తల ముందుకు సాగింది. కుడి తల ఇంకా మెడ ఎత్తలేదు.

"ఇప్పుడే విసరండి ప్రభూ. విసిరి పరుగెడదాం" అన్నాడు సిద్ధుడు. "పక్షితత్వం ఆమూలాగ్రం చదివినవాణ్ణి చెబుతున్నాను. ఇప్పుడే."

రాజు చెయ్యి కదలలేదు.

సిద్ధుడు ఇక ఆగలేదు. ముద్ద వదిలేసి రాతి చాటుకు దూకాడు. అది నేల మీద పడకముందే రాజు వంగి ఎడమ చేత్తో అందుకున్నాడు. కిరీటం లేని తల, రేగిన జుట్టు, చెరో చేతిలో చెరో జొన్నముద్ద. ఆ రెండు తలల ముందూ ఆయన ఒక్కడే మిగిలాడు. ఎడమ ముక్కు ఎంత దగ్గరికి వచ్చిందంటే దాని ఊపిరికి ఆయన మీసాలు కదులుతున్నాయి.

"ఇంకా లేదు ప్రభూ" అన్నాడు మందరుడు.

"నువ్వు చెప్పేదాకా కదలను" అన్నాడు ధవళకేతు మహారాజు, పక్షుల వైపు కాకుండా తన కోటవాడి నోటి వైపే చూస్తూ.

కుడి తల మెల్లగా మెడ ఎత్తింది. మందరుడు "ఓ..." అని కేక అందుకున్నాడు.